‘యూడియా కాప్టా’ నాణెం మీది బొమ్మను పిల్లలకు ఎలా వివరించాలి?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, నల్లగొండ

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. మన జిల్లా అక్కెనపల్లిలో బయటపడిన రోమన్ వెండి నాణేల గురించి తొమ్మిదో తరగతిలో చెప్పిన మరునాడు, ఒక విద్యార్థి పసుపుపచ్చని పెద్ద బిళ్ల ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇజ్రాయెల్‌లో పనిచేస్తున్న అతని మేనమామ సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు యెరూషలేము బజారులో కొని తెచ్చాడట.

ఒక వైపు నడివయసు దాటిన, మెడ లావుగా ఉన్న పురుషుని తల, దాని చుట్టూ లాటిన్ అక్షరాలు ఉన్నాయి. రెండో వైపు నడుమ ఒక చెట్టు, దానికి కుడివైపున చెంపకు చెయ్యి ఆనించుకొని నేల మీద కూర్చున్న స్త్రీ, ఎడమవైపున ఈటె పట్టుకొని నిలబడిన సైనికుడు కనిపిస్తున్నారు. అక్షరాలు కూడబలుక్కొని చదివితే ‘యూడియా కాప్టా’ అని తేలింది. అడుగున ఎస్, సి అనే రెండు అక్షరాలున్నాయి. ఇది రోమన్లు యుద్ధంలో గెలిచినందుకు గుర్తుగా వేసిన నాణెమని తెలిసింది కానీ, అంతకు మించి పిల్లలకు ఏం చెప్పాలో తోచలేదు. ‘మేడం, గెలిచినవాళ్లు ఏడుస్తున్న ఆడమనిషి బొమ్మ ఎందుకు వేసుకున్నారు?’ అని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు నిలకడగా సమాధానం చెప్పాలని నా కోరిక. అక్కెనపల్లి నాణేల మీద ఇలాంటి యుద్ధ చిత్రాలు ఎందుకు కనిపించవు, ఇలాంటి ఇత్తడి, కంచు నాణేలు మన వైపు ఎందుకు దొరకవు అన్నది నా రెండో సందేహం. ఈ బిళ్ల అసలుదో నకలో తెలుసుకొనే మార్గం కూడా ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, సూర్యాపేట

ఉపాధ్యాయిని గారికి నమస్కారం. మీరు వర్ణించినది వెస్పేసియన్ చక్రవర్తి క్రీ.శ. 71లో రోమ్ టంకశాలలో ముద్రింపజేసిన సెస్టెర్షియస్ అనే పెద్ద ఇత్తడి నాణెపు నమూనా. ఆ చెట్టు ఖర్జూరం, అది యెరూషలేము ఉన్న యూదుల దేశం యూదయకు (లాటిన్‌లో యూడియా) గుర్తు. దాని కింద దుఃఖిస్తూ కూర్చున్న స్త్రీ ఓడిపోయిన ఆ దేశానికే రూపం. ఈ వరుసలో ఎన్నో రకాలున్నాయి. కొన్నింటిలో ఎడమవైపు చేతులు వెనక్కి విరిచి కట్టిన బందీ నిలబడి ఉంటాడు, మరికొన్నింటిలో చక్రవర్తే ఒక శిరస్త్రాణం మీద కాలు మోపి, ఒక చేత ఈటె, మరో చేత పొట్టి కత్తి పట్టుకొని కనిపిస్తాడు. మీరు సైనికుడనుకున్న ఆకారం కాలి కింద గుండ్రని వస్తువేదైనా ఉంటే అతడు చక్రవర్తేనని గ్రహించవచ్చు. ఎస్, సి అనేవి ‘సెనేట్ తీర్మానం ప్రకారం’ అనే అర్థమిచ్చే లాటిన్ మాటల మొదటి అక్షరాలు. తొలి చక్రవర్తి అగస్టస్ కాలం నుంచి రోమ్‌లో వేసిన ఇత్తడి, రాగి నాణేల మీద ఇవి సాధారణంగా ఉంటాయి.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచిది, దానికి జవాబు ఆ నాణెం వెనుక ఉన్న రాజకీయంలో దొరుకుతుంది. యూదయలో రోమ్‌పై తిరుగుబాటు క్రీ.శ. 66లో మొదలైంది. దాన్ని అణచడానికి నీరో పంపిన సేనాని వెస్పేసియన్. 68లో నీరో ఆత్మహత్య చేసుకున్నాక, 69 ముగిసేలోగా గాల్బా, ఓథో, విటెల్లియస్, వెస్పేసియన్ అనే నలుగురు ఒకరి తరువాత ఒకరు చక్రవర్తులయ్యారు. రోమన్ సైన్యాలు రోమన్ సైన్యాలతోనే పోరాడాయి, రాజధాని వీధుల్లోనే రక్తం పారింది. చివరికి నిలిచిన వెస్పేసియన్ అగస్టస్ వంశంవాడు కాడు. అతని తండ్రి పన్నుల వసూలు వ్యవహారాల్లో ఉన్నవాడు. సింహాసనం మీద తన హక్కును నిరూపించుకోవడానికి అతనికి ఒక ఘనవిజయం కావాలి. అంతర్యుద్ధంలో తోటి రోమన్లను చంపి గెలిచిన గెలుపును నాణెం మీద వేసుకుంటే అది అవమానమే అవుతుంది. పరాయివారి మీద గెలిచిన విజయమే కావాలి. 70లో అతని కుమారుడు టైటస్ యెరూషలేమును పట్టుకున్నాడు, దేవాలయం తగలబడిపోయింది. తరువాతి ఏడాది తండ్రీకొడుకులిద్దరూ రోమ్‌లో విజయోత్సవం జరిపారు. దేవాలయం నుంచి తెచ్చిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని ఆ ఊరేగింపులో మోసుకుపోతున్న దృశ్యం టైటస్ తోరణం మీద ఈనాటికీ ఉంది.

ఇక్కడ మీరు పిల్లల దృష్టికి తప్పక తేవలసిన సంగతి ఒకటుంది. యూదయ క్రీ.శ. 6 నుంచే రోమ్ ప్రత్యక్ష పాలనలోకి వచ్చింది. 70లో జరిగింది తమ పాలనలో ఉన్న ప్రజల తిరుగుబాటును అణచివేయడం. ‘యూదయ పట్టుబడింది’ అనే నాణెం మాత్రం అదేదో కొత్త దేశాన్ని జయించినట్టు చాటుతుంది. ఏడుస్తున్న స్త్రీ బొమ్మ అందుకే అవసరమైంది. ఎదురుగా ఓడిన దేశమొకటి కనిపిస్తేనే గెలిచినవాని గొప్ప కంటికి ఆనుతుంది. చదువు రానివాడు కూడా ఆ భంగిమ చూసి ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో పోల్చుకుంటాడు.

ఆ ఖర్జూర చెట్టు కథ అక్కడితో ముగియలేదు. యూదులు అంతకుముందు యెరూషలేము దేవాలయానికి ఏటా ఇచ్చుకునే కానుకను యుద్ధం తరువాత వెస్పేసియన్ పన్నుగా మార్చి, రోమ్‌లోని జూపిటర్ దేవాలయానికి మళ్లించాడు. అతని రెండో కుమారుడు డొమీషియన్ కాలంలో ఆ పన్ను పేరు చెప్పి తప్పుడు ఫిర్యాదులు చేయడం, మనుషులను వేధించడం పెరిగింది. 96లో డొమీషియన్ హత్య తరువాత వచ్చిన నెర్వా ఆ అన్యాయాన్ని తొలగించానని చాటుతూ ఒక సెస్టెర్షియస్ వేయించాడు. దాని మీద అదే ఖర్జూర చెట్టు ఉంటుంది, కానీ స్త్రీ లేదు, బందీ లేడు. పాతికేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు నాణేల చిత్రాలను పక్కపక్కన పెట్టి ఏం మారిందో పిల్లలనే చెప్పమనండి. నా అనుభవంలో ఉపన్యాసం కన్నా ఇలాంటి పోలికే వారి మనసులో నిలుస్తుంది.

సమాధానం: ఇత్తడి సామాన్ల వర్తకుడు, మిర్యాలగూడ

మేడం గారికి నమస్కారం. మాది మూడు తరాలుగా ఇత్తడి, రాగి సామాన్ల వ్యాపారం కావడం వల్ల రోమన్ నాణేల లోహం గురించి ఎంతో ఆసక్తితో చదువుకున్నాను. అందరూ కంచు నాణేలని కలిపి చెబుతారు కానీ మొదటి శతాబ్దపు సెస్టెర్షియస్ నిజానికి ఇత్తడి. రాగిలో తుత్తునాగం (జింక్) కలిసిన ఈ లోహాన్ని రోమన్లు ఓరికాల్కమ్ అనేవారు. తుత్తునాగాన్ని విడిగా తీసే పద్ధతి వారికి లేదు. అందుకే రాగి ముక్కలను, తుత్తునాగపు ఖనిజాన్ని, బొగ్గును కలిపి మూసిన మూసలో కాల్చేవారు. ఆవిరైన తుత్తునాగం రాగిలోకి ఇంకి ఇత్తడి తయారయ్యేది. కొత్తగా ముద్రించిన సెస్టెర్షియస్ కొత్త ఇత్తడి చెంబులా బంగారు రంగులో మెరిసేది. మ్యూజియాల్లో మనం చూసే ఆకుపచ్చ, నల్లటి రంగులు వందల ఏళ్లు మట్టిలో ఉండడం వల్ల పట్టినవి. మూడో శతాబ్దానికి వచ్చేసరికి తుత్తునాగం తగ్గిపోయి, తగరం, సీసం కలిపిన కంచు వాడకం పెరిగింది.

సెస్టెర్షియస్ బరువు సుమారు 25 గ్రాములు, అడ్డుకొలత 33 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. వెండి దినారియస్ అయితే నాలుగు గ్రాములకు లోపే, మన చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దది. విజయ చిత్రాలు బంగారం, వెండి నాణేల మీద కూడా వేశారు. ‘యూడియా’ అని రాసిన వెండి నాణేలు కూడా ఉన్నాయి. కానీ చెట్టు, స్త్రీ, చక్రవర్తి, పూర్తి అక్షరాలు అన్నీ తీరికగా చెక్కడానికి ఇత్తడి నాణెం వైశాల్యమే అనువైనది. నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక దినారియస్‌తో సమానం, ఒక దినారియస్‌కు పదహారు రాగి ఆస్‌లు. ఆ కాలంలో కాల్బలంలోని సాధారణ సైనికునికి ఏడాదికి 225 దినారియస్‌ల జీతం, అంటే 900 సెస్టెర్షియస్‌లు. కాబట్టి సెస్టెర్షియస్ మరీ చిల్లర డబ్బు కాదు, అలాగని ధనికులకే పరిమితమైనదీ కాదు. బజారులో సామాన్యుని చేతికి వచ్చి పోయే నాణెం.

మీ రెండో సందేహానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇత్తడి నాణెం విలువలో ఎక్కువ భాగం రోమన్ ప్రభుత్వం ఇచ్చిన మాట మీద నిలిచింది. ఆ మాట చెల్లని చోటికి తీసుకుపోతే మిగిలేది పాతిక గ్రాముల ఇత్తడి ధర మాత్రమే. అంత దూరం సముద్రం మీద బరువు మోసుకొచ్చి ఇత్తడి ధరకు అమ్ముకునే వర్తకుడు ఉండడు. మన దేశంలో మిరియాలకు, సన్నని బట్టలకు, రత్నాలకు బదులుగా వారు బంగారం, వెండి తెచ్చారు. వెండిని మనవాళ్లు బొమ్మ చూసి కాక నాణ్యత, తూకం చూసి తీసుకున్నారు. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేసుకుంటున్నదని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లీనీ వాపోయాడు కదా, ఆ లెక్క సెస్టెర్షియస్‌లలో కట్టినా నౌకల్లో వచ్చినది మాత్రం విలువైన లోహమే.

సమాధానం: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, సూర్యాపేట

మిర్యాలగూడ వర్తకులు గారు చెప్పినదానికి కాలక్రమం కూడా కలపాలి. అక్కెనపల్లి నిధిలోని 1,500కు పైగా ఉన్న వెండి నాణేలు అగస్టస్, టైబీరియస్ కాలానివి. టైబీరియస్ క్రీ.శ. 37లో మరణించాడు, వెస్పేసియన్ ‘యూడియా కాప్టా’ సెస్టెర్షియస్‌లు 71లో వచ్చాయి. అప్పటికే నీరో 64 ప్రాంతంలో దినారియస్ బరువునూ వెండి శాతాన్నీ తగ్గించాడు, ఆ తరువాతి వెండి నాణేలు మన దేశంలో దొరకడం చాలా అరుదు. వెండి పాలు ఎక్కువున్న పాత నాణేల పైనే మనవారికి నమ్మకం కుదిరిందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

మన దేశానికి ఎక్కువగా వచ్చిన దినారియస్‌లు రెండు రకాలు. ఒకటి అగస్టస్ నేటి ఫ్రాన్స్‌లోని లియోన్ టంకశాలలో వేయించినది: అతని మనుమలు, దత్తపుత్రులు అయిన గాయస్, లూషియస్‌లు డాళ్లు, ఈటెలతో నిలబడి ఉంటారు. చూడగానే యుద్ధ చిత్రమనిపిస్తుంది కానీ అది వారసులను లోకానికి చూపించే బొమ్మ. రెండోది టైబీరియస్‌ది, దాని మీద చేత కొమ్మ పట్టుకొని పీఠం మీద కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఆమె మీ విద్యార్థి నాణెం మీది స్త్రీలా నేల మీద కూలబడినది కాదు. ఆమెది అధికారంలో ఉన్నవారి కూర్చునే తీరు, ఈమెది ఓడినవారి తీరు. పిల్లలు ఈ తేడాను తమంతట తామే కనిపెడతారని నా నమ్మకం.

కంచు నాణేలు దక్షిణ భారతానికి అసలే రాలేదనుకోకూడదు. నాలుగో శతాబ్దం చివర, ఐదో శతాబ్దంలో చలామణిలో ఉన్న చిన్న చిన్న కంచు నాణేలు తమిళనాడులోని కరూర్, మదురై ప్రాంతాల్లోనూ శ్రీలంకలోనూ పెద్ద సంఖ్యలో దొరికాయి. శ్రీలంకలో వాటిని పోలిన స్థానిక నాణేలు కూడా తయారయ్యాయి. వీటిలో థియోడోసియస్ చక్రవర్తి, అతని కుమారుల కాలానికి చెందిన ఒక రకం మీద విజయదేవత భుజాన విజయచిహ్నం మోస్తూ, మరో చేత్తో బందీని ఈడ్చుకుపోతుంది. ఒకటి రెండు గ్రాముల బరువుండే ఈ నాణెం మీద ఆ బందీ ఏ దేశంవాడో రాయలేదు. మొదటి శతాబ్దంలో యూదయ, జర్మేనియా, డేసియా అని పేరు పెట్టి ఓడించినట్టు చెప్పుకున్న రాజ్యం, నాలుగో శతాబ్దం నాటికి ఎక్కువగా పేరులేని శత్రువును ఈడ్చడం దగ్గరికి వచ్చింది. క్రీ.శ. 348 నుంచి కోట్ల కొద్దీ వేసిన మరో కంచు నాణెం మీద రోమన్ సైనికుడు గుర్రం మీది నుంచి పడిపోతున్న శత్రువును ఈటెతో పొడుస్తుంటాడు. దాని మీది అక్షరాలు ‘మంచి కాలం మళ్లీ వచ్చింది’ అని మాత్రమే చెబుతాయి. 323-324లో కాన్‌స్టంటైన్ వేయించిన ‘సర్మేషియా డెవిక్టా’ వంటి పేరున్న నాణేలు ఈ కాలంలో తక్కువ. సరిహద్దుల్లో ఏటా ఏదో ఒక దాడి జరుగుతున్న కాలంలో ఎవరి పేరు రాసినా మరుసటి ఏడాదికి అది పాతబడిపోతుందన్న ఎరుక దీనికి కారణమై ఉంటుందని నా అభిప్రాయం.

సమాధానం: శాసనాల విద్యార్థి, మహబూబ్‌నగర్

పెద్దలు చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. విజయ నాణెం ఉంది కాబట్టి విజయం జరిగిందని తేల్చకూడదన్న మాటను దీనికి చేర్చాలనుకుంటున్నాను. శాసనాల్లోని ప్రశస్తులు, అంటే రాజులను పొగిడే భాగాలు చదివేటప్పుడు మా గురువులు మాకు మొదట నేర్పిన జాగ్రత్త ఇదే, నాణేలకు కూడా ఇది అంతే వర్తిస్తుంది.

డొమీషియన్ 83లో రైన్ నదికి ఆవల చట్టి అనే జర్మన్ తెగపై యుద్ధం చేసి, 85 నుంచి ‘జర్మేనియా కాప్టా’ అనే సెస్టెర్షియస్‌లు వేయించాడు. అది తండ్రి వేయించిన యూదయ నాణెపు నమూనాయే. చెట్టు స్థానంలో శత్రువుల నుంచి లాక్కున్న ఆయుధాల స్తంభం వచ్చింది, దాని కింద దుఃఖించే స్త్రీ, చేతులు కట్టిన పురుషుడు ఉన్నారు. అదే కాలంలో బతికిన చరిత్రకారుడు టాసిటస్ మాత్రం డొమీషియన్ విజయోత్సవం బూటకమని, డబ్బిచ్చి కొన్న బానిసలకు బందీల వేషం వేయించారని రాశాడు. టాసిటస్‌కు డొమీషియన్ అంటే పగ ఉంది కాబట్టి అతని మాటనూ యథాతథంగా తీసుకోనక్కర్లేదు. అయినా నాణెం ఒక పక్షం, గ్రంథం మరో పక్షం అని పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా తగిన ఉదాహరణ నాకు కనిపించలేదు. ట్రాజన్ చక్రవర్తి 116 ప్రాంతంలో వేయించిన సెస్టెర్షియస్ మరొకటి ఉంది. ఆర్మీనియా, మెసపొటేమియా రోమన్ ప్రజల అధికారంలోకి వచ్చాయని దాని మీద రాసి, యూఫ్రటిస్, టైగ్రిస్ నదులను పడుకొని ఉన్న మనుషుల రూపంలో చెక్కారు. 117లో ట్రాజన్ చనిపోగానే, అతని తరువాత చక్రవర్తి అయిన హేడ్రియన్ ఆ ప్రాంతాలను వదులుకున్నాడు. నాణేలు మాత్రం జనం చేతుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

మన శాతవాహనులను కూడా ఈ పాఠంలోకి తీసుకురమ్మని మనవి. 1906లో నాసిక్ దగ్గరి జోగల్‌తంబిలో 13,000కు పైగా వెండి నాణేల నిధి బయటపడింది. అవి పశ్చిమ భారతాన్ని ఏలిన క్షహరాట వంశపు క్షత్రపుడు (శక పాలకుడు) నహపానుడివి. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా నాణేల మీద, నహపానుని ముఖం మీదుగానే గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నాలను, పేరును మళ్లీ ముద్రింపజేశాడు. శత్రువును ఓడించానని చెప్పే వాక్యం వాటి మీద లేదు, బందీ బొమ్మ లేదు. కానీ శత్రువు ముఖం మీద తన ముద్ర కనిపిస్తున్నప్పుడు వాక్యం అవసరమే లేదు. దీనికి విజయ ప్రకటనతో పాటు చలామణి అవసరం కూడా కారణమై ఉండవచ్చు, కొత్త నాణేలు పోతపోయడం కన్నా ఉన్నవాటి మీద ముద్ర వేయడం తేలిక కదా.

ఆశ్చర్యమేమిటంటే యూదయలోనూ సరిగ్గా ఇదే జరిగింది. 132 నుంచి 135 వరకు బార్ కోఖ్బా నాయకత్వంలో యూదులు మళ్లీ తిరగబడినప్పుడు, చలామణిలో ఉన్న రోమన్ నాణేలను తీసుకొని, చక్రవర్తి ముఖం చెరిగిపోయేలా వాటి మీద తమ ముద్రలు వేశారు. వెండి నాణేల మీద 70లో ధ్వంసమైన దేవాలయపు ముఖభాగాన్ని, కొన్ని కంచు నాణేల మీద ఖర్జూర చెట్టును చిత్రించారు. రోమన్లు ఓటమికి గుర్తుగా వాడిన చెట్టును వారు విడుదలకు గుర్తుగా తిరిగి తీసుకున్నారు. సూర్యాపేట అధ్యాపకులు గారు చెప్పిన రెండు ఖర్జూర చెట్ల పక్కన ఈ మూడోదాన్ని కూడా ఉంచితే పాఠం నిండుగా ఉంటుంది. ఆ తిరుగుబాటును రోమన్లు అతి కఠినంగా అణచివేశారు, కానీ ఈసారి హేడ్రియన్ ‘యూడియా కాప్టా’ వంటి నాణేల వరుస వేయించలేదు.

మరో ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, నల్లగొండ

అందరికీ ధన్యవాదాలు. మూడు ఖర్జూర చెట్ల ఆలోచన నాకెంతో నచ్చింది, వచ్చే వారం దాని మీదే పాఠం తయారు చేస్తాను. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో కుండలో దొరికిన 3,730 ఇక్ష్వాకుల సీసపు నాణేల మీద ఏనుగు, ఉజ్జయిని చిహ్నం ఉన్నాయి కదా, వాటి చిత్రాన్ని కూడా పక్కన పెట్టి, యుద్ధం ఊసు లేని నాణేలు ఎలా ఉంటాయో చూపించాలని ఉంది. విద్యార్థి తెచ్చిన బిళ్ల విషయం తేలలేదు. శిరస్త్రాణం మీద కాలు ఉన్న మాట నిజమే. ఇంట్లో వాళ్లు దాన్ని చింతపండుతో తోమి తళతళలాడేలా చేస్తామంటుంటే ఆగమన్నాను. బంగారు దుకాణంలో తూయిస్తే 17 గ్రాములు వచ్చింది. అంచు చుట్టూ సన్నని గీత లాంటిది కనిపిస్తోంది.

సమాధానం: నాణేల సేకర్త, దేవరకొండ

మేడం గారూ, చింతపండు ఆపించి చాలా మంచి పని చేశారు. పాత నాణెం ఏదైనా సరే, పులుపుతో గానీ గిన్నెలు తోమే పొడితో గానీ రుద్దితే పైపొర పోయి, దాని కింద ఉన్న అక్షరాల అంచులు అరిగిపోతాయి. ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. ఒకవేళ ఎక్కడైనా లేత ఆకుపచ్చ రంగులో పిండిలా రాలుతుంటే అది లోహాన్ని తినేసే జబ్బు; అటువంటి నాణేన్ని తేమ తగలకుండా విడిగా ఉంచి, పురావస్తు పరిరక్షణ తెలిసినవారికి చూపించాలి.

మీరు చెప్పిన రెండు గుర్తులూ నకలు వైపే చూపిస్తున్నాయి. రోమన్లు లోహపు బిళ్లను వేడి చేసి, రెండు అచ్చుల నడుమ పెట్టి సుత్తితో కొట్టి ముద్ర వేసేవారు. అలా కొట్టిన నాణెం అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొన్నిసార్లు చీలుతుంది కూడా, కానీ చుట్టూ నడిమి గీత రాదు. రెండు అర మూసలను కలిపి లోహం పోసినప్పుడే ఆ గీత పడుతుంది. పోత నాణెం మీద సన్నని గాలి బుడగల గుంటలు ఉంటాయి, జుట్టు పాయలు, ఆకుల గీతలు అరిగిన సబ్బు మీది బొమ్మలా మెత్తగా కనిపిస్తాయి. భూతద్దంతో ఒకసారి చూడండి. బాగా అరిగిన సెస్టెర్షియస్ బరువు 20 గ్రాముల దాకా దిగవచ్చు గానీ, అక్షరాలన్నీ చదవగలిగేంత స్పష్టంగా ఉన్న నాణెం 17 గ్రాములు తూగడం నమ్మదగినది కాదు. మంచి పసుపు రంగు కూడా అనుమానానికి తావిస్తుంది.

ఈ నమూనాకు నకళ్లు ఈనాటివి మాత్రమే కావు. పదహారో శతాబ్దంలోనే ఇటలీలోని పాడువా నగరంలో జొవాన్ని దా కావినో అనే శిల్పి రోమన్ సెస్టెర్షియస్‌లను పోలిన అద్భుతమైన పతకాలు చేశాడు. వాటిని సేకరించేవారు ఇప్పటికీ ఉన్నారు. యెరూషలేము బజారులో యాత్రికులకు అమ్మే జ్ఞాపికల్లో ‘యూడియా కాప్టా’ బొమ్మకు గిరాకీ ఎక్కువ. ఇజ్రాయెల్ ప్రభుత్వం 1958లో తన పదో వార్షికోత్సవానికి ఇదే బొమ్మను ఒక వైపున, విముక్తి పొందిన దేశాన్ని రెండో వైపున చూపే పతకాన్ని విడుదల చేసింది. మీ బిళ్లకు రెండో వైపున చక్రవర్తి తల ఉంది కాబట్టి అది ఆ పతకం కాదు.

ఇది నకలే కావడం ఆ కుటుంబానికి ఒక విధంగా ఊరట. అసలైన పురావస్తువును ఇజ్రాయెల్ నుంచి బయటికి తేవాలంటే అక్కడి పురావస్తు సంస్థ రాతపూర్వక అనుమతి ఉండాలి. మన దగ్గర కూడా పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో పాత నాణేలు దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. ఈ మాట తరగతిలో తప్పక చెప్పండి. నాణేలు దొరికిన చోటు, లోతు, పక్కన ఉన్న కుండ పెంకులు నమోదు కాకముందే అవి కరిగిపోయినా, చేతులు మారిపోయినా అక్కడి చరిత్ర తెలుసుకొనే దారి మూసుకుపోతుంది. వందేళ్లు దాటిన వస్తువులను అనుమతి లేకుండా విదేశాలకు పంపడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం.

సమాధానం: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, సూర్యాపేట

దేవరకొండ మిత్రులు చెప్పిన గుర్తులు సరైనవే. నకలైనంత మాత్రాన దాన్ని పాఠం నుంచి తీసివేయకండి మేడం గారూ. పిల్లలు అసలు సెస్టెర్షియస్‌ను చేత్తో తాకే అవకాశం మన ప్రాంతంలో దాదాపు లేదు. బొమ్మల అమరికను వేలితో తడిమి తెలుసుకోవడానికి మంచి నకలు చాలు. పక్కన పెట్టే చీటీ మీద మాత్రం ‘క్రీ.శ. 71 నాటి వెస్పేసియన్ సెస్టెర్షియస్‌కు ఆధునిక నకలు, పోత పోసినది, 17 గ్రాములు. అసలు నాణెం సుమారు 25 గ్రాములు’ అని స్పష్టంగా రాయండి.

అక్కెనపల్లి దినారియస్ చిత్రం కింద ‘వెండి, అగస్టస్-టైబీరియస్ కాలం, నల్లగొండ జిల్లాలో దొరికినది’ అనీ, నకలు కింద ‘ఈ రకం నల్లగొండలో దొరికినది కాదు’ అనీ రాయడం మరవకండి. రెండూ ఒకే బల్ల మీద ఉన్నప్పుడు, వెస్పేసియన్ నాణెం కూడా మన నేలలోనే దొరికిందని చూసినవారు పొరబడే ప్రమాదం ఉంది. ఫణిగిరి సీసపు నాణేలకు కూడా అలాగే ఇక్ష్వాకుల కాలాన్ని, దొరికిన చోటును రాయండి. వీలైతే పిల్లలను పానగల్లు మ్యూజియానికి, ఆ తరువాత హైదరాబాద్‌లోని రాష్ట్ర మ్యూజియం నాణేల విభాగానికి తీసుకువెళ్లండి. వెళ్లే ముందు లేఖ రాసి, ఏయే నాణేలు ఆ రోజు ప్రదర్శనలో ఉంటాయో కనుక్కోవడం మంచిది.